కారణం రాసే గడి

అచ్చంపేట బస్టాండ్ల దిగేసరికి
నా సంచిల అరవై ఫారాలున్నయి.
నలభై రెండో ప్రశ్న:
మీ ఊరిలో హింసకు ముఖ్య కారణం ఏమిటి?
భూమి. కులం. కూలి. రాజకీయం. ఇతరములు.
ఒక్క గడిలనే టిక్కు పెట్టాలె,
నీలి పెన్నుతోనే పెట్టాలె.
దీనికి పట్నంల రెండు రోజుల శిక్షణ,
మధ్యాహ్నం భోజనంతో.

ఉసేనమ్మ తునికాకు కట్టలు కడుతున్నది.
యాభై ఆకులకొక కట్ట.
చెయ్యి ఆపకుండనే చెప్పింది:

"కారణమా?
మా మామకు కుంటకింద ఎకరం ఉండె.
కొలిచేటోళ్లు గొలుసు గుంజిండ్రు.
ఒక్క కడీ మీదికి జరిగిందన్నడు మా మామ.
ఒక్క కడీ బిడ్డా,
నా చేతి కడియమంత గూడ లేదది.
గట్టు మీద నిలవడి అన్నందుకు
గట్టు మీదనే కొట్టిండ్రు.
ముప్పై ఏండ్లకు మా పర్వతాలు అడివిలకు వోతే
ఎవ్వరు గా గొలుసును యాది చెయ్యలే.
వానికి పుస్తకం ఇచ్చిందెవరని అడిగిండ్రు."

నేను గడులు చూస్తున్న.
భూమికి పెడదునా?
గొలుసు గుంజినోళ్లదొక కులం, గుంజిపిచ్చినోళ్లదొకటి.
ఆనాటి కూలి గూడ ఇయ్యలేదంట.
మా సార్ పాఠం చెప్తడు:
పేదరికం అన్ని ఊర్లల్ల ఉంటది,
యుద్ధం అన్ని ఊర్లల్ల రాదు;
కోపానికి తోడు గుట్టలుండాలె, అడివి ఉండాలె,
సర్కారు సగం దారిల ఆగిపోవాలె.
సార్ తప్పు చెప్పలేదు.
ఇక్కడ నల్లమల ఉన్నది.
బస్సు గూడ సగం దారిలనే ఆగింది.
అయినా ఆ కడీని గ్రాఫుల ఏ చుక్క కింద పెట్టాలె?

నలభై మూడు: పర్యవసానాలు.
మృతులు, క్షతగాత్రులు, ఆస్తి నష్టం రూపాయలల్ల.

"కుక్కలను రాసుకో" అన్నది.
"రాత్రి వచ్చేటోళ్లు, మొరుగుతున్నయి సంపుకోండ్రి అన్నరు.
మెల్లగనే అన్నరు.
మాది ఎర్రది, నా చేతుల తిన్నది,
నా చేతులనే పోయింది.
పొద్దుగాల వచ్చినోళ్లు
ఊర్ల కుక్కలెందుకు లేవని
మొగోళ్లను వరుసగ కూసోపెట్టి కొట్టిండ్రు.

గంజును రాసుకో.
పెద్ద గంజు కనబడితే ఎవరికి వండినవంటరు.
ఇంకేముంది, మన్నుల పాతిపెట్టినం.
మా ఆడిబిడ్డ పెండ్లికి
తొమ్మిది చిన్న గిన్నెలల్ల వండినం,
కడుపునిండ తిన్నోడు లేడు.

మా వాడు సచ్చినప్పుడు
పేపర్ల ఏరే పేరు వేసిండ్రు.
ఆ పేరు గల్లోని తల్లి ఎవరో,
నాకంటే ఒక దినం ముందే ఏడ్చి ఉంటది."

ఎదురుంగ ఇంకొకామె ఆకులు లెక్కవెడుతున్నది.
నిరంజనమ్మ, పదిహేడో ఇల్లు, నా జాబితాల ఉన్నది.
కొడుకు సమాచారమిచ్చిండని
స్కూలు ముంగట కాల్చిండ్రు.
కాల్చినోళ్లల్ల పర్వతాలు ఉండెనో లేకుండెనో
ఊరు ఇయ్యాల్టికీ రెండు తీర్లు చెప్తది.
పద్దెనిమిదేండ్లాయె, ఇద్దరికి మాటల్లేవు.
నార అయిపోతే మాత్రం
నిరంజనమ్మ చెయ్యి చాపుతది,
ఉసేనమ్మ మొకం చూడకుండ ఇస్తది.
దీనికి ఫారంల ప్రశ్నే లేదు.

"నువ్వు చెప్పమ్మా, కారణం?" అన్న.
నిరంజనమ్మ ఆకు మీది దుమ్ము తుడిచి
"ఆమెను అడిగినవు గద" అన్నది.
ఎవరితోనో అన్నట్లు అన్నది.

పొద్దు గూకింది.
ఎవరి పిలగాడో ఎక్కడి నుంచో తెచ్చుకున్నడు,
వాడకట్టు చివర ఒక కుక్కపిల్ల
సన్నగ, కొత్తగ మొరిగింది.

ఇద్దరి చేతులు ఒక్కసారే ఆగినయి.
ఇద్దరు అడివి దిక్కు చూసిండ్రు,
తర్వాత రోడ్డు దిక్కు.

ఎవ్వరు రాలే.
లెక్క తప్పింది.
విప్పుకొని, మళ్ల ఒకటి నుంచి.